వరుస తప్పిన జీవితములకు వాకిలి మూయవలదు

తెలుగు వార, మాస పత్రికల సంపాదకవర్గమునకును, నవలల పోటీలకు న్యాయనిర్ణేతలుగా కూర్చుండు పెద్దలకును పెబ్బేరునుండి ఒక పాఠకుడు నమస్కరించి వ్రాయు బహిరంగ లేఖ.

మాన్యులారా!

మా ప్రాంతపు యువతి ఒకతె పోటీకి పంపిన నవల ఈ మధ్య మీలో ఒకరి కార్యాలయమునుండి తిరిగివచ్చినది. తిరిగివచ్చుట వింత కాదు. వచ్చిన ప్రతులన్నిటికిని బహుమతి ఇచ్చుట ఎవరికిని సాధ్యము కాదని నేనెరుగుదును. ఈ లేఖకు కారణము ఆ ప్రతికి జతపరచిన నాలుగు పంక్తుల అభిప్రాయము. కథ ముందువెనుకలుగా నడచుచున్నదనియు, సంఘటనలకంటె ఒక మనిషి మనస్సులోని తలపోతలకే ఎక్కువ చోటు దక్కినదనియు, సామాన్య పాఠకుడు తికమకపడుననియు, కావున మొదటినుండి చివరివరకు వరుసగా తిరుగవ్రాసి పంపినచో పరిశీలింపగలమనియు అందున్నది. నవల బాగులేదని మీరు చెప్పియుండినచో నేను నోరు మెదపకుండెడివాడను. దానిని వరుసలో పెట్టుమని చెప్పుటలో ఆ రచయిత్రిని మీరేమి అడిగితిరో మీకు తెలిసినట్లు నాకు తోచదు. ఆ ఒక్క కార్యాలయముతోనే నాకు వ్యాజ్యెము లేదు. ఇదే అభిప్రాయమును ఒకరు నిబంధనగాను, ఒకరు అలవాటుగాను పాటించుచున్నారు గనుక మీయందరితోను మాటలాడదలచితిని.

ఆ వ్రాతప్రతిని నేను చదివితిని. బొంబాయి పనులనుండి మరలి, మూటతో బస్సు దిగి, పెబ్బేరు చౌరస్తాలో నిలిచిన ఒక తల్లితో అది మొదలగును. పాకెడు వయస్సున అవ్వదగ్గర విడిచిపోయిన కూతురు ఎదుటనే నిలిచియున్నను ఆమె ఆనవాలు పట్టలేక, పక్కనున్న మరియొక పిల్లను దగ్గరకు తీసికొనును. ఆ క్షణమున కూతురి మనస్సున నాటుకొనిన కక్షయే నవలకు ప్రాణము. తల్లి గుంపుమేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసికొనిపోయినదని కూతురెరుగును. ఆ సొమ్మేమైనదని అడిగినచో ఇంటిలో ఎవరును బదులు చెప్పరు. అది పసితనమున తన ప్రాణముమీదికి వచ్చిన జ్వరమునకు కర్నూలు ఆసుపత్రిలో కట్టిన సొమ్మని ఆమెకు ఎన్నో ఏండ్ల తరువాత, అవ్వ దినవారముల వేళ, చుట్టపుటాడవారి మాటల నడుమ తెలియును. పాఠకునకును అప్పుడే తెలియును.

మీరు కోరినట్లు వరుసగా వ్రాసినచో ఏమగును? జ్వరము మొదటి ప్రకరణమునకు వచ్చును, అడ్వాన్సు రెండవ ప్రకరణమునకు, ప్రయాణము మూడవదానికి. చదువుచున్న మనకు సర్వమును తెలిసియుండును, ఆ పిల్లకు మాత్రమేమియు తెలియదు. అప్పుడామె కోపము మనకు ఉత్త తెలివితక్కువగా కనబడును. మనము ఎత్తున కూర్చుండి, క్రింద తిరుగుచున్న పిల్లను జాలితో చూచుచుందుము. ఇప్పుడున్న క్రమమునందైతే ఆమెతో కలిసి మనమును ఆ తల్లిని ద్వేషింతుము, నిజము తెలిసిననాడు ఆమెతో కలిసి సిగ్గుపడుదుము. ఆ సిగ్గును పాఠకునిచేత అనుభవింపజేయుటకే ఆ నవల పుట్టినది. దానిని తీసివేసి తక్కినది పంపుమందురా? కాలము నడచు క్రమము వేరు, మనిషికి తన జీవితము తెలియవచ్చు క్రమము వేరు. పాత్రను కేంద్రముగా చేసికొనిన నవల రెండవదానిని అనుసరించును. ఇది రచయిత చేయు గారడి కాదు, పాత్రయెడల ఆయన పాటించు నిజాయితీ.

సామాన్య పాఠకునకు ఇది అందదని మీరనుచున్నారు. మా ఊరి శనివారపు సంతకు ఒక్కమారు రండు. ఎద్దును కొనవచ్చినవాడు ముందు నోరు తెరచి పండ్లు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును, అటుపిమ్మట ఎందుకమ్ముచున్నావని అడుగును. అమ్మువాడు దూడ పుట్టిననాటినుండి మొదలుపెట్టడు. ఈ ఏడు ఎండిపోయిన బోరుతో ఎత్తుకొని, అక్కడినుండి కూతురి పెండ్లినాటి బాకీకి పోయి, ఆ మీదట జతలోని రెండవ ఎద్దు చచ్చిన ఏటికి మరలి, ఇంటనే పుట్టినదానిని తన చేతులతో పెంచితినను మాటను అన్నిటికిని చివర చెప్పును; అది చివర చెప్పుటలోనే ఆతని బేరమంతయు ఉన్నది. వినువాడు తికమకపడుట నేనెన్నడును చూడలేదు. బడి మొగము చూడని రైతు, పలుపు చేతులు మారులోపల, మూడుచోట్ల తెగిన కాలమును మనస్సున కలుపుకొనుచుండగా, డిగ్రీ చదివిన ఆతని కొడుకును కూతురును నవల చేతబట్టినంతనే ఆ శక్తిని కోల్పోవుదురా? మీరు ఎవరి పేరు చెప్పి నవలలను త్రిప్పిపంపుచున్నారో ఆ సామాన్య పాఠకుడెవరు? ఎక్కడ నివసించును? నాకర్థము కాలేదని ఆయన మీకెన్నడైన ఉత్తరము వ్రాసెనా, లేక ఆయన తరఫున మీరే వ్రాసికొనుచున్నారా?

ఇది పడమటినుండి దిగుమతియైన విద్యయను వాదమొకటి మీ పీఠికలలోను సభలలోను తరచుగా వినబడును. కృష్ణాతుంగభద్రలు దాటి దక్షిణముగా పోయినచో మాకు నంద్యాల ఎంతో దూరము కాదు. ఆ నంద్యాలనేలిన కృష్ణమరాజునకు పదునారవ శతాబ్దమున పింగళి సూరన అంకితమిచ్చిన కళాపూర్ణోదయమును ఒక్కమారు తలచుకొనుడు. ద్వారకలో ఊయలలూగు కలభాషిణితోను, ఆకాశమున రంభానలకూబరుల విమానముతోను కథ మొదలగును. ఎవరు ఎవరి రూపమున తిరుగుచున్నారో తెలియక పాత్రలతోపాటు పాఠకుడును మోసపోవును. అన్నిటికిని మూలమైన బ్రహ్మసరస్వతుల ప్రణయకలహము సగము గ్రంథము నడచినగాని బయటపడదు. అదియును కవి తన నోట చెప్పడు. పూర్వజన్మమున కలభాషిణియైన మధురలాలస, ఇంకను చంటిబిడ్డ, మణిహారము రొమ్మునకు తాకగా స్మృతి కలిగి, కళాపూర్ణుని సభలో చెప్పును. తన జన్మకథ ముందుగానే చెప్పబడినదనియు, ఆ చెప్పబడిన కథయే తానుగా పుట్టినదనియు రాజు వినవలసివచ్చును. వెనుకటిది ముందునకును, ముందటిది వెనుకకును ఇంత సాహసముతో నడిపిన కావ్యమును మనవారు నాలుగు శతాబ్దములకు పైగా చదివిరి, పాఠము చెప్పిరి, తర్కించిరి. ఎవరును సూరనను వరుసగా తిరుగవ్రాయుమని అడుగలేదు. కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిదశలో ఒక పోటీకొరకు ఈ కావ్యముపై వ్రాసిన విమర్శయే పెరిగి, 1914లో కవిత్వతత్త్వవిచారమను గ్రంథమై మన ఆధునిక విమర్శకు తొలి మెట్టైనది. 2002లో దీనిని ఆంగ్లీకరించిన వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లు దీనిని నవలగానే చదువవలెనని వాదించిరి. న్యాయనిర్ణేతలారా, సూరన ఈ ఏడు మీ పోటీకి ప్రతి పంపినచో మీ నాలుగు పంక్తుల కాగితముతో ఆయనయు మరలిపోవలసినదే కదా!

ఆధునికులను గూర్చి మీకు నేను చెప్పవలసినదేమున్నది? మీ పత్రికలే వారిని మాకిచ్చినవి. తల్లిని గూర్చి లోకమనుకొను మాట నీడవలె వెంటాడగా ఏ స్త్రీయెదుటను నిండుగా నిలువలేకపోయిన దయానిధిని, బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' పుస్తకరూపము పొందకముందు, నవోదయ పత్రిక ధారావాహికగా ప్రకటించినది. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్యకు జరుగు సంఘటనలను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఆతని భయములను లెక్కింపజాలము. గోపీచందు నవలలోని సీతారామారావును మనము మెచ్చుకొనలేము, మరవనులేము. నవీన్ 1969లో ప్రకటించిన 'అంపశయ్య' ఉస్మానియా వసతిగృహమున ఒక పేద పల్లెటూరి విద్యార్థి గడపిన ఒక్కదినపు కథ. రవి మనస్సు ఎటు పోయిన కథ అటే పోవును, ఊరికి పోవును, బాల్యమునకు పోవును, అప్పులకు పోవును, మరల తరగతిగదికి వచ్చును. ఆ పుస్తకము పాఠకులను బెదరగొట్టియుండినచో, దాని పేరే ఆ రచయితకు ఇంటిపేరుగా ఎట్లు నిలిచినది? వడ్డెర చండీదాస్ 'అనుక్షణికం', అంతమంది మనుష్యుల అంతరంగములతో, ఒక వారపత్రికలోనే వారము వారము వెలువడినది. నాటి సంపాదకుడు పాఠకుని నమ్మెను. నాటికంటె చదువుకొనినవారు నేడెక్కువగానే ఉన్నారు. తగ్గినది సంపాదకుని నమ్మకమే.

పోటీల చరిత్రయు మీ పక్షమున లేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930వ దశకమున జరిపిన నవలల పోటీలో అడివి బాపిరాజు 'నారాయణరావు'తో బహుమతి పంచుకొనినది విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'. నడచుచున్న కథను నిలిపి, పూర్వుల గాథలలోనికిని, ఊరి పురాణములలోనికిని, తత్త్వచర్చలలోనికిని పోయి, రచయితకు బుద్ధి పుట్టినప్పుడు మరలివచ్చు ఆ మహాగ్రంథమును కత్తిరించి చక్కజేయుమని ఆ పెద్దలు చెప్పియుండినచో మన నవలాసాహిత్యమేమయ్యెడిది?

వరుస తప్పినదెల్ల ఉత్తమమని నేననను. పాత్రలో పసలేనప్పుడు ప్రకరణములను తారుమారుచేసి లోతున్నట్లు భ్రమింపజేయు రచనలు నేనును చదివితిని; విప్పినంతనే విలువపోవు పొడుపుకథలవి, రెండవమారు చేతికెత్తుకొన బుద్ధికాదు. వరుసయే తగిన గొప్ప కథలును ఉన్నవి. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో ముసలి పందులకాపరి అడవిలో ఒక రాత్రి సలిపిన పోరాటము గడియ తరువాత గడియగా నడువవలసినదే; ఒక్క గడియ ముందువెనుకలైనను ఆ ఉత్కంఠ చెదరిపోవును. కాబట్టి పరీక్ష ఒక్కటే: ఈ మనిషి కథకు ఈ క్రమము అవసరమా కాదా? ఆ పరీక్ష చేయుటకు ప్రతిని చివరివరకు చదువవలెను, ఓపిక పట్టవలెను, కొన్నిమారులు రెండవసారియు చదువవలెను. మీ ఆసనమునకు గౌరవము ఆ శ్రమవలననే కలిగినది. చదువకయే తేల్చుటకు వీలగునట్లు ఒక నియమము పెట్టుకొనినచో న్యాయనిర్ణయమునకు మీరేల?

ఇంతకు మించి నన్ను బాధించునది మరియొకటి కలదు. ఈ నియమమువలన ఎవరి కథలు వెలుపల నిలిచిపోవునో ఆలోచించితిరా? తరతరములుగా ఒకే ఇంట, ఒకే ఊర నివసించి, దస్తావేజులు భద్రముగా దాచుకొనినవారికి కథను తాతతో మొదలుపెట్టి మనుమనితో ముగించుట సులభము. మా పాలమూరు మనుష్యుల బ్రతుకు అట్లు గడువలేదు. దేశములోని ఎన్నో ఆనకట్టలకు మన్నెత్తినది, నగరములలో మేడలకు కంకర మోసినది పాలమూరు లేబరు. ఏడాదిలో కొన్ని నెలలు ఇచట, కొన్ని నెలలు ఎచటనో. పిల్లవాని బాల్యము అవ్వ జ్ఞాపకమున కొంత, తల్లి జ్ఞాపకమున కొంత, పునాదుల పక్కన వేసిన గుడిసెలలో కొంత. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు కొల్లాపురము, అలంపురము ప్రాంతములలో కృష్ణ ఒడ్డున ఊళ్లకు ఊళ్లే మునిగిపోయినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి అలంపురమునకు తెచ్చి నిలిపిరి. ఇండ్లనెవరును అట్లు తెచ్చి నిలుపలేదు. ఆవలిగట్టున సప్తనదీ సంగమేశ్వరుని గుడి ఏటేట నీటిలో మునిగి, ఎండకాలమున మట్టము తగ్గినప్పుడు కొన్నినాళ్లు బయటపడును. ఆ ప్రాంతమున ఊరు పోగొట్టుకొనినవారు జ్ఞాపకము చేసికొను తీరును అదియే. నీరు తీసినప్పుడు తీసినంతమేర చెప్పుదురు, మిగిలినది మరుసటి ఏటికి. వారి మనుమరాలు ఆ బ్రతుకును నవలగా వ్రాయబూనినచో మీరు కోరు వరుసను ఎక్కడనుండి తెచ్చును? లేని వరుసను కల్పించి వ్రాయుటకంటె అబద్ధమేమున్నది?

మెక్సికో దేశమున హువాన్ రుల్ఫో 1955లో 'పెద్రో పారమో' అను చిన్న నవల వ్రాసెను. తండ్రిని వెదకికొనుచు ఒక ఊరు చేరిన కొడుకునకు అక్కడ చనిపోయినవారి గొంతులు మాత్రమే వినబడును. ఎవరి మాట ఎప్పటిదో పాఠకుడే కూర్చుకొనవలెను. వట్టిపోయిన ఊరిని గూర్చి వ్రాయుటకు ఆయనకు మరియొక మార్గము దొరకలేదు. ఆ పుస్తకమును తాను కంఠస్థము చేసితినని గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ చెప్పుకొనెను. వలసలవలన తాళములు పడిన ఇండ్లున్న మా ఊళ్లనుండి అట్టి నవల ఒకటి రాకూడదా? వచ్చినచో మీ బల్లమీద దానికెన్ని నిమిషములు దక్కును?

సంపాదకులారా, మీ ఆసనము ఎంతటిదో మా నేల బిడ్డయొకడు చూపిపోయెను. కృష్ణకు ఆవలిగట్టున, నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు సురవరము ప్రతాపరెడ్డిది. 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, నిజాం రాష్ట్రమున తెలుగు కవులు లేరను మాట వినబడినప్పుడు ఆయన ఖండనవ్యాసముతో తృప్తిపడక, ఊరూరినుండి పద్యములు తెప్పించి, 1934లో 354 కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించెను. అందరును మహాకవులని ఆయన అనుకొనియుండడు. ఇన్ని గొంతులు ఉన్నవని లోకమునకు తెలుపుట సంపాదకుని విధియని ఆయన తలచెను. అదే ప్రతాపరెడ్డిని 1952లో మా వనపర్తి తన ప్రతినిధిగా శాసనసభకు పంపినది. ఆయన కూర్చున్న కుర్చీవంటి కుర్చీలో కూర్చుండి, మా ప్రాంతపు ఆడపిల్ల తన తల్లి బ్రతుకును తనకు తెలిసిన క్రమమున చెప్పబోగా, క్రమము మార్చుకొని రమ్మనుట మీకు తగునా?

తికమకకు కారణము కొంత మీ అచ్చుకూటములలోనే కలదని కూడ చెప్పక తప్పదు. కాలము మారుచున్నదని తెలుపుటకు రచయిత విడిచిన ఖాళీ పంక్తిని, పెట్టిన మూడు చుక్కలను, చోటు కలిసివచ్చునని పేజీలు కట్టువారు ఎత్తివేయుదురు. పదేండ్ల క్రిందటి మాటయు నేటి మాటయు ఒకే పేరాలో అతుకుకొనిపోవును. పాఠకుడు రచయితను తిట్టుకొనును. ఇట్టి పేజీలను నేను పలుమారులు చూచితిని. ధారావాహికలో వారమునకు నాలుగు పుటలు వేసి, మునుపటి భాగమున ఏ పాత్ర ఏ కాలమున ఉన్నదో రెండు మాటలైన చెప్పక, కథ అర్థము కాలేదను నింద రచయితమీద వేయుట న్యాయము కాదు. సంచికకొక పూర్తి నవల అచ్చువేసిన చతుర వంటి మాసపత్రికలు మనకుండినవి. ఒక్క కూర్చుండుటలో చదువదగిన నవలను ముక్కలు చేయకుండ ప్రకటించు మార్గము మీకు క్రొత్త కాదు.

కాబట్టి నేను కోరునవి స్వల్పములు. రాబోవు పోటీల ప్రకటనలలో కథ వరుసక్రమమున ఉండవలెనను షరతును, వ్రాసియున్నచో కొట్టివేయుడు, వ్రాయక పాటించుచున్నచో మానివేయుడు. ఒక నవలను త్రిప్పిపంపినప్పుడు ఆ పాత్ర ఎందుకు నిలువలేదో చెప్పుడు, సామాన్య పాఠకుని పేరు చెప్పవలదు. రచయిత విడిచిన ఖాళీని అచ్చులో విడువుడు. న్యాయనిర్ణేతల మండలియందు నగరములకు వెలుపలి పాఠకుని ఒకరినైన కూర్చుండబెట్టుడు. వనపర్తిలో, గద్వాలలో, నాగర్‌కర్నూలులో గ్రంథాలయముల బల్లలయొద్ద ప్రొద్దుపోవువరకు నవలలు చదువువారు ఉన్నారు. పిలిచినచో వత్తురు, అచ్చుకాని ప్రతిని రెండుమారులు చదువుటకును వారికి ఓపిక కలదు.

ఇట్లు,
భవదీయుడు,
పెబ్బేరు పాఠకుడు